ఆవులు లేని పచ్చిక

మా ఊరి బడిగదిలో గోడకి ఒక బొమ్మ ఉంది. పెద్దదేం కాదు, రొట్టెలు కోసే పలకంత ఉంటుంది. చెక్క మీద రంగులతో వేసింది. పైన బూడిదరంగు ఆకాశం, కింద పచ్చిక, ఒక మూలగా సన్నటి బర్చ్ చెట్లు, వాటి వెనక ఒక ఇంటికప్పు, కప్పులోంచి కొంచెం పొగ. అంతే. మనిషి లేడు, గొడ్డు లేదు. వేసవిలో బ్రస్సెల్స్ నుంచి బళ్లు కట్టించుకుని పెద్దమనుషులు వస్తారు. టోపీలు తీసి దాని ముందు నిలబడి, "ఎంత నిశ్శబ్దం" అంటారు. "కళ్లు మూసుకున్న ఆడవాళ్లనీ, మెట్లు దిగే నీడలనీ వేసిన చెయ్యి ఇదే కదా, అదంతా ఇక్కడే మొదలైంది" అంటారు. ఒకావిడ కళ్లు కూడా ఒత్తుకుంది. బడి ఊడ్చేది నేనే కాబట్టి చీపురు పట్టుకుని అన్నీ వింటుంటాను. ఆ నిశ్శబ్దం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ కప్పు మా ఇంటిది.

బొమ్మ పక్కన మేకుకి ఒక కొమ్ముబూర వేలాడుతుంటుంది. దాన్ని తగిలించింది నేనే. బొమ్మ అందం చెడుతోందని పంతులుగారు ఒకసారి తీసి బీరువాలో పెట్టారు. మర్నాడు మళ్లీ తగిలించాను. ఆయనకి నా నోరు తెలుసు, అందుకని ఊరుకున్నారు. ఈ బూర రెమాకల్‌ది. ఆ బొమ్మలో ఉండాల్సి ఉండి లేకుండా పోయిన మనిషి ఆయనే.

రెమాకల్ మా ఫ్రెనో ఊరి మంద కాపరి. తెల్లారేసరికి వీధి మొదట నిలబడి బూర ఊదేవాడు. ఎవరి కొట్టం తలుపు వాళ్లు తీస్తే చాలు, ఆవులు వాటంతట అవే వచ్చి ఆయన వెనక నడిచేవి. సాయంత్రం దిగివచ్చేటప్పుడు ఏ ఆవు ఏ ఇంటికి తిరగాలో వాటికే తెలుసు. ఆయనకి ఇల్లంటూ లేదు. ఊరి రొట్టెల పొయ్యిని ఆనుకుని ఒక గది, అందులో ఆయనా, మొరో అనే కుక్కా. తిండి వంతుల మీద. నాలుగు ఆవులున్న ఇంట్లో నాలుగు రోజులు, ఒక్క ఆవున్న ఇంట్లో ఒక్కరోజు. ఎవరింట్లో తింటే ఆ రోజుకి ఆ ఇంటి మనిషి. అయినా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "ఒరేయ్ బూరా, మా దూడని కాస్త చూసుకో" అనేది మిల్లు వాళ్లావిడ. ఆవిడ కొడుకులూ అలాగే అనేవాళ్లు. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. నవ్వితే పై పన్ను ఒకటి లేనట్టు కనిపించేది. అంతకుమించి ఆ మనిషిలో చెప్పుకోదగ్గ లోపం ఏదీ ఉన్నట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు.

మా నాన్న పలకరాతి గనిలో పోయాడు. అమ్మ సెలెస్తీన్‌కి మిగిలింది నేనూ, రుసెత్ అనే ఎర్రావూ. పాలు అమ్మి, వెన్న అమ్మి, ఊళ్లో కోతలకి వెళ్లి నన్ను పెంచింది. రుసెత్ పొగరుది. మందలో ఎప్పుడూ ముందు నడిచేది.

నాకు ఆరేళ్లప్పుడు, కోతల కాలంలో, చిన్నదొర గస్పార్ మా ఊరికి వచ్చాడు. అడివి పక్కన వాళ్ల నాన్నకి వేట బంగళా ఉండేది. పాతికేళ్ల కుర్రాడు, చామనఛాయ, పల్చటి వేళ్లు. రోజూ రంగుల పెట్టె భుజాన వేసుకుని మా ఇంటి వెనక ఉన్న పైపచ్చికకి వచ్చి కూర్చునేవాడు. ఆవులు వెళ్లి ఆయన్ని చుట్టుముట్టేవి. ఒకసారి మా రుసెత్ అప్పుడే మొదలెట్టిన బొమ్మలో నీలం ఆకాశాన్నంతా నాకేసింది. అది రోజంతా నీలం నాలుకతో తిరిగిందని అమ్మ చాలాకాలం చెప్పుకుని నవ్వేది.

ఆ సాయంత్రం చిన్నదొర టోపీ తీసి రెమాకల్ దగ్గరికి వచ్చాడు.

"రెమాకల్ గారూ, తమరు ఏమీ అనుకోకపోతే ఒక మాట."

రెమాకల్ వెనక్కి తిరిగి చూశాడట, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఆయన్ని 'గారూ' అన్న మనిషి అంతవరకూ పుట్టలేదు. 'తమరు' సంగతి సరేసరి.

"నాకు ఈ పచ్చిక ఖాళీగా కావాలి. మనిషీ వద్దు, పశువూ వద్దు. బొమ్మ అయ్యేదాకా మందని ఇంకోవైపు తోలుకెళ్తారా? తమరికి కష్టమైతే వద్దులెండి."

"కష్టమేముందండీ" అన్నాడు రెమాకల్. పొంగిపోయాడు. ఇంకోవైపు అంటే దిగువన ఊబి. దాని అంచున గడ్డి బాగుంటుంది, ఎండలు కాస్తే నేల గట్టిగానే ఉంటుంది. కానీ మందని అటు తోలకూడదని ఊరి కట్టుబాటు. ఊరంతా కొండకి అవతల రై ధాన్యం కోతల్లో ఉంది, చూసేవాళ్లెవరూ లేరు. కుక్క ఉంది, తాను ఉన్నాడు, కొన్నాళ్లేగా, ఏమవుతుందిలే అనుకున్నాడు.

ఏమీ కాలేదు, చివరి రోజు దాకా. ఆ రోజు పొద్దున పొగమంచు పట్టింది. మంచు కాస్త పల్చబడ్డప్పుడు పైనుంచి చిన్నదొర చేతిరుమాలు ఊపాడు. బొమ్మ అయిపోయింది, వచ్చి చూడమని. రెమాకల్ మందని మొరోకి అప్పజెప్పి కొండెక్కాడు.

"ఎలా ఉంది, రెమాకల్ గారూ? ఉన్నమాట చెప్పండి."

రెమాకల్ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తనకి రోజూ కనిపించే చోటే. అయినా ఇంతకుముందెప్పుడూ చూడలేదనిపించిందట. దూరం నుంచి చూశాడు, దగ్గరికెళ్లి చూశాడు. "గడ్డి మీద ఇంకా తడి ఉన్నట్టుందండీ" అన్నాడు. చిన్నదొర సంతోషపడి తన పొగాకు సంచీ ఆయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ పైపులు ముట్టించారు. కింద మొరో మొరుగుతూనే ఉంది. విన్నాడు. 'ఇదిగో, ఈ ఒక్క పైపు' అనుకున్నాడు.

దిగి వచ్చేసరికి రుసెత్ వీపు కూడా కనిపించడం లేదు. కొమ్ములూ, ముట్టే బురద పైన ఉన్నాయి. ఆయన నడుముదాకా దిగి కొమ్ములు పట్టుకుని లాగాడు. బూర ఊదాడు. కొండవతల నుంచి మగవాళ్లు తాళ్లు పట్టుకుని వచ్చేసరికి బురద పైన బుడగలు మాత్రం ఉన్నాయి.

మా అమ్మ కొడవలి చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. ఊరంతా గుమిగూడింది. కమ్మరి తూసాన్ అడిగాడు, "ఎట్లా జరిగిందిరా?"

అప్పుడు రెమాకల్ నోట్లోంచి ఆ మాట వచ్చింది. ముందుగా అనుకున్నది కాదని నాతో ప్రమాణం చేసి చెప్పాడు. నమ్ముతాను.

"పైపచ్చికలోనే మేస్తోంది. ఉన్నట్టుండి తలెత్తింది. ఎవరో పిలిచినట్టు దిగువకి ఉరికింది. మంద దాని వెనకే. నేనూ కుక్కా ఆపలేకపోయాం."

ఎవరో పిలిచినట్టు. ఆ మాట వినగానే అమ్మ మొహం పాలిపోయింది. మాకు నవంబరులో పునీత ఉబేర్ పండుగ. ఆ రోజు గుడిలో దీవించిన రొట్టె తెచ్చి ఇంట్లో మనుషులకీ, కొట్టంలో పశువులకీ పరగడుపున తలో ముక్కా పెడతారు. పెట్టిన ప్రాణిని ఏడాదిపాటు ఏ చెడూ పిలవదని నమ్మకం. అంతకుముందు పండుగకి నాకు జ్వరం. ఇంట్లో ఇంకే తిండీ లేదు. నేను ఆకలని ఏడిస్తే అమ్మ రుసెత్ ముక్క కూడా నాకే పెట్టేసింది.

"నా చేతులారా నేనే చంపుకున్నాను" అంది అమ్మ, అందరి ముందూ. "దాని రొట్టె దానికి పెట్టలేదు. పిల్లకి పెట్టేశాను."

జనం తలలాడించారు. అదీ సంగతి అన్నారు. రెమాకల్ బురదలో తడిసి అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అనలేదు. ఊబి దగ్గరికి తోలాడని తెలిస్తే బూర లాగేసుకుంటారు. బూర లేని రెమాకల్‌కి ఏ ఇంట్లోనూ వంతు ఉండదు. ఆ సాయంత్రమే చిన్నదొర ఏమీ తెలియకుండా బండెక్కి పోయాడు.

మర్నాటి నుంచి నేను ఊళ్లో 'ఆవుని మింగినది' అయ్యాను. ఆ పేరు పెట్టింది తూసాన్. సరదాకే పెట్టాడు, ఆయనకి అన్నీ సరదాయే. "ఏమ్మా ఒదీల్, ఆవు అరిగిందా?" అనేవాడు కొలిమి ముందు నుంచి. బడిలో నేను రొట్టె తీస్తే మగపిల్లలు అంబా అని అరిచేవాళ్లు. నేను రొట్టె తినడం మానేశాను. బంగాళాదుంపలు తినేదాన్ని. అమ్మ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు భరించరానిదిగా ఉండేది. పాలు లేని ఇంట్లో ఆవిడ నల్ల కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

ఆవు లేకపోయినా అమ్మ వంతు మానలేదు. "వంతు వదిలేస్తే ఊళ్లో మనది ఇల్లు కాదు, రాళ్ల కుప్ప" అనేది. మాకున్న ఒక్క రోజు వచ్చినప్పుడల్లా రెమాకల్ వచ్చి బల్ల చివర కూర్చునేవాడు. అమ్మ ఉన్న కొవ్వుముక్కలన్నీ ఏరి ఆయన పళ్లెంలో వేసేది. "దాన్ని కాపాడాలని బురదలో దిగిన మనిషివి. తిను" అనేది. ఆయన గుటక పడక నీళ్లు తాగేవాడు. పుట్టగొడుగులు తెచ్చేవాడు, పుల్లలు కొట్టి పేర్చేవాడు, నా చెక్కబూట్లు అరిగితే అడక్కుండానే కొత్తవి చెక్కి గుమ్మంలో పెట్టి పోయేవాడు. నా మొహం మాత్రం చూసేవాడు కాదు. నేను ఆవుని మింగినదాన్ని కాబట్టి అసహ్యమేమో అనుకునేదాన్ని. ఒకసారి వీధిలో మిల్లు వాళ్లబ్బాయి నన్ను చూసి అంబా అంటే రెమాకల్ వాణ్ని గొడ్డు కర్రతో కొట్టాడు. చేతిమీద వాత తేలింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. "చూశావా, ఎంత మంచివాడో" అంది అమ్మ. ఆయన ఊళ్లో రోజురోజుకీ మంచివాడైపోతూ వచ్చాడు.

కాస్త ఎదగ్గానే లియేజ్ పట్నంలో ఒక వకీలు ఇంట్లో వంటపనికి వెళ్లిపోయాను. అమ్మకి ఆవు కొనివ్వాలని వెళ్లాను. ఆవు కొనడానికి డబ్బు సరిపోయినా ఊరికి రాలేదు. పంపిస్తే అమ్మ వద్దంది. మళ్లీ ఒక ప్రాణిని కట్టేసుకునే ధైర్యం లేదంది. ఏళ్లు గడిచిపోయాయి. నాకు ముప్పై దాటాయి. ఊళ్లో పైపచ్చికని సర్కారు ఫర్ మొక్కలతో నింపేసింది. మంద సగమైంది. అమ్మ కళ్లకి పొర కమ్మింది.

అప్పుడు గస్పార్ దొర పోయాడని తెలిసింది. ఆయన చెల్లెలు ఈ బొమ్మని ఊరికి ఇచ్చింది. బడిలో మేకు కొట్టి తగిలించారు. ఊరంతా వరుసకట్టి చూసి వచ్చింది, తమ పాత పచ్చిక అక్కడొక్కచోటే మిగిలింది కదా అని. రెమాకల్ కూడా వెళ్లి, అందరికంటే వెనక నిలబడి చూశాడు. ఆ మర్నాడు మా ఇంటి వంతు.

"అందరూ చూసొస్తున్నారు రెమాకల్. నాకేం కనపడి చస్తుంది. నువ్వు చెప్పు, ఏముంది అందులో?" అంది అమ్మ, దుంపల తొక్క తీస్తూ.

"పైపచ్చిక."

"ఫర్ చెట్లు రాకముందుదా?"

"పాతదే. బర్చ్ చెట్లున్నాయి. నీ ఇంటికప్పు ఉంది. పొగొస్తోంది."

అమ్మ మొహం విప్పారింది. "నా ఇల్లు బడిలో వేలాడుతోందన్నమాట. ఎప్పుడు వేశాడో?"

"కోతలప్పుడు. పొద్దున పూట."

"ఏ కోతలు?"

"రుసెత్ పోయిన ఏడాది."

"మరి చెప్పవేం. రుసెత్ ఉండాలే అందులో. ముందర నడిచేది అదే కదా. ఎర్రగా ఎక్కడో ఉంటుంది, సరిగ్గా చూశావా?"

"లేదు సెలెస్తీనమ్మా."

"పోనీ మిగతావి?"

"ఏవీ లేవు."

"నువ్వో?"

"నేనూ లేను."

అమ్మ కత్తి కింద పెట్టింది. "కోతల కాలం, పొద్దున పూట, పైపచ్చికలో మంద లేదంటే మరెక్కడుంది రెమాకల్?"

బొమ్మలు వేసేవాళ్లు ఉన్నవి తీసేస్తారు, లేనివి పెడతారు అని ఆయన అనొచ్చు. అమ్మ నమ్మేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఆయనే నాతో చెప్పాడు. కానీ ఆ చూపులేని కళ్లు తన వైపే తిరిగి ఉన్నాయట. బల్ల మీద తల ఆనించి మొత్తం చెప్పేశాడు. గారూ అనిపించుకోవడం దగ్గర్నుంచి పైపు దాకా.

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అంది, "నాకు కాదు చెప్పాల్సింది. లియేజ్ వెళ్లు."

మర్నాడు ఫ్రెనోలో బూర మోగలేదు. ఆవులు కొట్టాల్లో అరుస్తుంటే ఊరు గగ్గోలు పడింది. రెమాకల్ అప్పటికే చెక్కబూట్లతో దారిలో ఉన్నాడు.

వంటింటి గుమ్మంలో ఆయన్ని చూసి అమ్మ పోయిందనుకున్నాను. "బతికే ఉంది" అన్నాడు ముందే. కూర్చోమన్నా కూర్చోలేదు. బూర రెండు చేతులతో పట్టుకుని, నేలకేసి చూస్తూ చెప్పాడు. పొయ్యి మీద పులుసు మాడింది. నేను తీయలేదు.

"ఇన్నేళ్లు" అన్నాను. "నన్ను రోజూ చూస్తూ."

"చూళ్లేదమ్మా. చూడలేకపోయాను."

"వాళ్లు అంబా అంటుంటే విన్నావు కదా."

"విన్నాను."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"మంద ఎక్కడుందని మీ అమ్మ అడిగింది. ఇంతకుముందు ఎవరూ అడగలేదు."

ఒళ్లు మండిపోయింది. చేతిలో గరిట ఉంది. కొట్టనా అనుకున్నాను. కొడితే బాగుండునన్నట్టు నిలబడ్డాడు. అందుకే కొట్టలేదు.

"ఊరికి రా తల్లీ" అన్నాడు. "నలుగురిలో చెప్తాను. నీ ఎదురుగా చెప్తాను. ఆ పేరు నీ మీద నుంచి తీసేస్తాను. తరవాత వాళ్లు నన్నేం చేసినా సరే."

వెళ్లాను. బావి దగ్గర నిలబడి మిట్టమధ్యాహ్నం బూర ఊదాడు. ఇల్లు తగలబడిందేమోనని ఊరంతా బయటికొచ్చింది. రెమాకల్ టోపీ తీసి, దాచకుండా అంతా చెప్పాడు. నా పక్కన అమ్మ నిలబడి ఉంది. నా చేయి పట్టుకుని ఉంది. ఇక అయిపోయింది, ఇక వీళ్లు నన్ను సరిగ్గా చూస్తారు అనుకున్నాను.

మొదట తూసాన్ మాట్లాడాడు. ముసలివాడైపోయాడు, నోరు మాత్రం ముసలిది కాలేదు.

"ఎంత మంచోడివిరా రెమాకల్. ఆ పిల్ల మీద జాలితో నెత్తినేసుకుంటున్నావు."

"జాలి కాదు. నిజం. ఊబి దగ్గరికి నేనే తోలాను."

"తోలావే అనుకో" అంది మిల్లు వాళ్లావిడ. "మందంతా అక్కడే ఉంది కదా, మా నాలుగూ ఉన్నాయి. వాటికేం కాలేదే? రొట్టె తినని ఒక్కటే ఎందుకు దిగబడింది?"

"అదీ నిజమే" అన్నాడు ఎవరో వెనక నుంచి. అందరూ తలలాడించారు, అప్పట్లో ఆడించినట్టే. తూసాన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పద, ఏదైనా తాగుదువుగాని. పెద్దవాడివైపోయావు, లేనిపోనివి తల్చుకోకు" అన్నాడు. ఒకావిడ గౌను అంచుతో కళ్లు తుడుచుకుంది. అలా ఆ రోజు రెమాకల్ ఇంకా మంచివాడైపోయాడు. బూర ఎవరూ లాక్కోలేదు. నా పేరు ఎక్కడున్నది అక్కడే ఉంది. నేను ఎవరినైనా చంపేయగలను అనిపించింది.

ఆయన మొహం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. మెడ చాచిన మనిషికి ఉరితాడు లేదు పొమ్మన్నట్టు దిక్కుతోచక చూశాడు. ఎవరి వైపు తిరిగినా నవ్వుమొహాలే.

నేను లియేజ్‌కి తిరిగి వెళ్లలేదు. అమ్మని అలా వదిలి వెళ్లబుద్ధి కాలేదు. కొన్నాళ్లకి మా ఇంటి వంతు వచ్చింది. అమ్మ పొద్దున్నే దుంపలు ఉడికించింది, రొట్టె తీసి బల్ల మీద పెట్టింది, రెండు పళ్లేలు వేసింది. రెమాకల్ వచ్చి ఎప్పట్లాగే గుమ్మంలో బూట్లు విప్పబోయాడు. అమ్మ తడుముకుంటూ వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఈ ఇంట్లో ఆవు లేదు రెమాకల్. నీకు ఇక్కడ వంతు లేదు."

ఆయన విన్నది సరిగ్గా విన్నాడో లేదో అన్నట్టు చూశాడు. టోపీ తీశాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా, "అవునమ్మా, లేదు" అన్నాడు. ఆ తర్వాత అమ్మ భుజం మీదుగా నా మొహంలోకి చూశాడు. నాకు తెలిసినంతలో అదే మొదటిసారి. తిరిగి వీధిలోకి దిగి వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు, పోయేదాకా. ఊళ్లో ఆయన్ని నమ్మింది మా అమ్మ ఒక్కతే.

అమ్మ తలుపు వేసి వచ్చి కూర్చుంది. ఎప్పుడూ ఆయనకి పెట్టే రొట్టె కోసి మొదటి ముక్క నా పళ్లెంలో వేసింది.

"తిను ఒదీల్" అంది.

తిన్నాను.